సాక్షి మిగిలిన సాహసము



బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించిన మఱునాడు, అనగా 1939 సెప్టెంబరు 4వ తేదీన, ఇంగ్లండు తూర్పు సీమలోని వాటిషాం విమానాశ్రయమునుండి ఐదు బ్లెన్‌హైం బాంబరు విమానములు బయలుదేరి, ఉత్తర సముద్రముపై క్రమ్ముకొనియున్న మబ్బులకును అలలకును నడుమ దారి చేసికొనుచు, విల్హెల్మ్స్‌హాఫెన్ రేవు చెంత లంగరు దించియున్న జర్మను యుద్ధనౌకలపై పడినవి. ఆ యుద్ధమున బ్రిటిషువారు జరిపిన మొట్టమొదటి బాంబు దాడి అదియే. ఆ ఐదు విమానములు ఏ దళమునకు చెందినవో చెప్పినచో మన శ్రోతలలో అనేకులు చెవి యొగ్గి విందురు. దాని పేరు 110వ హైదరాబాదు స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధపు కడపటి సంవత్సరమైన 1918లో ఆ దళము ఫ్రాన్సునకు తరలినప్పుడు దాని డి.హెచ్.9ఏ విమానములు హైదరాబాదు నిజామిచ్చిన ద్రవ్యముతో సమకూరినవి. అందువలన ఆ దళమునకు మన నగరము పేరు శాశ్వతముగా అంటుకొని నిలిచినది. శిస్తు చెల్లించి చెమట తుడుచుకొన్న తెలంగాణపు రైతునకు, తన శిస్తులో ఒక పాలు రెక్కలు తొడుగుకొని జర్మనీమీద ఎగురుచున్నదని ఎవరును చెప్పియుండరు.

ఆ ఐదు విమానములకును నాయకుడు కెన్నెత్ డోరన్ అను ఫ్లయిట్ లెఫ్టినెంటు. అతడు అడ్మిరల్ షేర్ అను మహానౌకమీదికి నేరుగా దిగి బాంబులు విడిచెను. నౌకపై పడిన బాంబులు ప్రేలక, ఇనుప పలకలపైనుండి ఎగిరి, సముద్రములో పడినవి. ఫలితమును బట్టి చూచినచో ఆ దాడి ఒక వైఫల్యము. డోరన్ వెంట వెళ్లిన ఐదింటిలో ఒకటియు, వెనుకనే వచ్చిన 107వ స్క్వాడ్రను ఐదింటిలో నాలుగును తిరిగి రాలేదు. ముందు వచ్చినవారు ఫిరంగుల వాండ్రను నిద్ర లేపిరి. వెనుక వచ్చినవారు దాని మూల్యము చెల్లించిరి. తర్వాత నెల తిరిగి కొలది దినములకే, అక్టోబరు 10వ తేదీన, డోరనునకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను సాహస పతకము ప్రకటింపబడెను. అతనితోపాటు ఆ పతకమును పొందినవాడు 139వ స్క్వాడ్రనుకు చెందిన ఆండ్రూ మాక్‌ఫెర్సన్. యుద్ధము ప్రకటింపబడిన దినముననే శత్రునౌకల జాడ తీయబోయి, పైయెత్తున చలికి వైర్‌లెస్ యంత్రము మూగవోగా, చూచిన వార్తను నోటనే మోసికొనివచ్చినవాడు. నవంబరు 2వ తేదీన ఆఱవ జార్జి చక్రవర్తి వైటన్ విమానాశ్రయమునకు స్వయముగా విచ్చేసి ఆ యిరువురి వక్షములయందును పతకములను అలంకరించెను. రెండవ ప్రపంచ యుద్ధమున బ్రిటిషు వైమానికులకు లభించిన తొలి పతకములు ఇవి.

ప్రేలని బాంబులకు పతకమేమని ఎవరైన అడుగవచ్చును. అడుగుటలో తప్పు లేదు. నా మట్టుకు నాకు తోచున దేమనగా, సాహస పతకము ఫలితమునకు ఇచ్చెడి కూలి కాదు. ఫలితము ఎట్లుండునో ఎఱుగకయే ప్రాణములు అరచేత బెట్టుకొని పోయినందుకు ఇచ్చెడి గుర్తింపు. అయితే ఈ గుర్తింపు ఎవరికి దక్కును, ఎవరికి దక్కదు, ఎందువలన దక్కదు అనునది మాత్రము విచారింపదగిన విషయము. నేడు నేను చెప్పదలచిన దంతయు దీని చుట్టునే తిరుగును.

ఈ పతకముల పుట్టుక 1918 జూన్ 3వ తేదీన, ఐదవ జార్జి చక్రవర్తి జన్మదినోత్సవ సందర్భమున జరిగినది. రాయల్ ఎయిర్ ఫోర్సు అప్పటికి రెండు నెలల పసికందు. శత్రువు నెదుట ఆకాశమున చూపిన సాహసమునకు రెండు పతకములు ఏర్పడినవి: అధికారులకును వారంటు అధికారులకును వెండి సిలువ, వారికి దిగువనున్న సార్జెంట్లు మొదలగువారికి వెండి పతకము. సిలువకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనియు, దిగువవారి పతకమునకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్ అనియు పేర్లు. ఒకే విమానములో, ఒకే మంటలో, ఒకే ముహూర్తమున ఇరువురు ఒకే విధమైన ధైర్యము చూపినను, భుజముమీది చిహ్నమును బట్టి ఒకనికి సిలువయు, మఱియొకనికి బిళ్లయు! రెండింటి పట్టీలును ఊదా, తెలుపు వర్ణముల ఏటవాలు చారలు గలవియే; అధికారి పట్టీపై చారలు వెడల్పు, సార్జెంటు పట్టీపై చారలు సన్నము. సాహసమునకు కూడ జీతపు తరగతులు కల్పించిన ఈ వ్యవస్థ 75 సంవత్సరములు నిరాటంకముగా సాగెను.

ఈ రెండింటిని చేతిలో పట్టి పరీక్షగా చూచినవారికి మఱియొక వింత కనబడును. కోలగానున్న సార్జెంటు పతకపు ఒక ప్రక్కన రాజముఖము, రెండవ ప్రక్కన విమానముపై కూర్చుండి చేతినుండి డేగను ఎగురవేయుచున్న విజయదేవత. దాని అంచుమీద దానిని పొందినవాని సంఖ్య, హోదా, పేరు చిన్న చిన్న అక్షరములతో చెక్కబడియుండును. అధికారుల సిలువ ఇంతకంటె సొగసైనది. కాని ఆ యుద్ధకాలపు సిలువ వెనుక సంవత్సరము తప్ప పేరుండదు. ఎక్కువ తరగతివాని పతకము అనామకము. తక్కువ తరగతివానిది నామాంకితము. ఆ సిలువను పొందినవాడు మరణించి, కాగితములు చెల్లాచెదరైనచో, అది ఎవరిదో ఆ వెండి చెప్పలేదు.

ఇక ఆ పతకములకు పాత్రులైన మనుష్యుల సంగతి. లాంకాస్టరు మొదలగు నాలుగింజిన్ల బాంబరులో సాధారణముగా ఏడుగురు: పైలట్, అతని ప్రక్కన ఇంజిన్లను కనిపెట్టెడి ఫ్లయిట్ ఇంజనీర్, తెర వెనుక చిన్న దీపము క్రింద పటములు పఱచుకొని లెక్కలు కట్టెడి నావిగేటర్, ముక్కుభాగమున బోర్ల పడుకొని గుఱి చూచెడి బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, నడినెత్తిన ఒక గన్నర్, తోకలో ఒక గన్నర్. వీరందఱును స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారే. బాంబరులో ఎగురుమని ఎవ్వరిని నిర్బంధింపలేదు. మఱి ఈ ఏడుగురును ఒక జట్టుగా కూడుటెట్లు? ఆదేశముల మీదనే బ్రదికెడి సైనిక సంస్థ ఈ ఒక్క విషయమున మాత్రము ఆదేశము లిచ్చుట మానివేసినది. శిక్షణ కేంద్రమున పైలట్లను, నావిగేటర్లను, గన్నర్లను ఒక పెద్ద షెడ్డులోనికి తోలి, మీలో మీరే చూచుకొనుడని విడిచిపెట్టిరి. సంతలో కాడికి ఎడ్లను జతకూర్చుకొన్నట్లు, ఎవని కన్ను ఎవనిపై నిలిచెనో, ఎవని నవ్వు ఎవనికి నచ్చెనో, దానిని బట్టి జట్లు ఏర్పడెను. విచిత్రమేమనగా, ఈ పద్ధతి చక్కగా పనిచేసినది. కెనడా కట్టెకోత యూరినుండి వచ్చినవాడు, లండను బస్సు కండక్టరు, ఆస్ట్రేలియా గొఱ్ఱెల కాపరి కొడుకు మొదలగు వేఱువేఱు తావుల బిడ్డలు ఒక చప్పరము క్రింద పండుకొని, ఒక కంచమున తిన్నంత చనువుగా బ్రదికి, తఱచుగా ఒకే రాత్రి మరణించిరి.

అట్టి జట్టు ముప్పది దాడులు పూర్తిచేసినచో దానికి ఒక విడత ముగిసినట్లు. కొంతకాలము విశ్రాంతి, పిదప రెండవ విడతకు ఇరువది. ముప్పది అను సంఖ్య వినుటకు చిన్నది. ఈ బాంబరు దళముల సంస్థయైన బాంబరు కమాండులో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది మరణించిరి. సుమారు పదివేల మంది శత్రువులకు బందీలైరి. నూటికి నలుబది నలుగురు చచ్చిపోయెడి ఉద్యోగమున, ముప్పది పర్యాయములు సాయంకాలము మెట్లెక్కి ముప్పది పర్యాయములు తెల్లవాఱుజామున దిగుట యన్నది ఎంత అరుదో, పతకపు ప్రసక్తి లేకయే ఈ సంఖ్యలు చెప్పుచున్నవి. పైలట్లలో అనేకులకు విడత ముగిసినప్పుడు సిలువ లభించుచుండెను. అది ఏదో ఒక ఘడియలోని సాహసమునకు కాక, అన్ని రాత్రుల ఓర్పునకు ఇచ్చినది. ఇది నా జట్టు మొత్తమునకు ఇచ్చినది, నేను తగిలించుకొనుచున్నా నంతే అని చెప్పుకొన్న పైలట్లు కోకొల్లలు. ఆ మాట వినయము కొఱకు అన్నది కాదు, వాస్తవము.

ఈ జట్టులో తోక గన్నరు పని అన్నింటికంటె ఏకాంతమైనది. మిగిలినవారు ముందుభాగమున ఒకరినొకరు చూచుకొనగలరు. ఇతడు మాత్రము విమానపు చివర గాజువంటి గూటిలో, నాలుగు మరఫిరంగుల నడుమ ఇఱుకుకొని, వచ్చిన దారిని చూచుచు వెనుకకు ప్రయాణము చేయును. బయట చలి సున్నకు దిగువ నలుబది డిగ్రీలు. విద్యుత్తుతో వేడెక్కెడి దుస్తులలో ఒక తీగ తెగినచో ఒక కాలు మాడును, రెండవ కాలు గడ్డకట్టును. మంచు పట్టి గాజు మసకబాఱుచున్నదని అనేకులు ఎదుటి పలకను కోయించివేసి, తిన్నగా ఆ గాలికే మొగమొడ్డిరి. ఏలయనగా గాజుపై చుక్కను చూచి శత్రువిమానమని భ్రమించుటకంటె, శత్రువిమానమును చూచి చుక్క యని భ్రమించుట ప్రమాదము. అతని గూటిలో పారాచూటుకు చోటు లేదు. అది వెనుక, విమానపు గోడకు తగిలించియుండును. ఆపద వచ్చినచో గూటిని త్రిప్పుకొని, తలుపు తీసి, చేయి చాచి దానిని అందుకొని, తగిలించుకొని దుముకవలెను. గూడు తిరుగుటకు ఇంజినునుండి వచ్చెడి నూనె ఒత్తిడి కావలెను. ఇంజిను పోయినచో గూడు బిగుసుకొనిపోవును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను.

1941 జూలై 7వ తేదీ రాత్రి, జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరముపై దాడి ముగించుకొని ఒక వెల్లింగ్‌టన్ విమానము హాలండు తీరము మీదుగా మరలివచ్చుచుండెను. న్యూజీలాండు వారి 75వ స్క్వాడ్రనుది. రాత్రి వేటవిమాన మొకటి క్రిందినుండి కాల్చగా కుడి ఇంజినుకడ రెక్కపై మంట లేచినది. తోక గన్నరు ఆలన్ బాక్స్, పాదమున గాయపడియు, ఆ వేటవిమానమును కూల్చెను. లోపలివారు ప్రక్కగోడను చించి మంటలార్పు ద్రవము చల్లిరి. అది చాలక ఫ్లాస్కులలోని కాఫీని సైతము విసరిరి. అప్పుడు రెండవ పైలటుగానున్న జేమ్స్ వార్డ్ అను 22 ఏండ్ల సార్జెంటు, ఇంజినుపై కప్పెడి కాన్వాసు గుడ్డను చేతబట్టి, నడుమునకు త్రాడు కట్టుకొని, పైకప్పులోని గవాక్షము గుండ బయటకు దిగెను. విమానపు చర్మము గుడ్డయే. దానిని కాలితో పొడిచి రంధ్రములు చేసి, ఆ రంధ్రములలో కాళ్లును వ్రేళ్లును పెట్టి, 13,000 అడుగుల యెత్తున, గాలి వాగుబోలె మీద పడుచుండగా రెక్క వెంబడి ప్రాకి మంటను ఆ గుడ్డతో అదిమి ఆర్పెను. గాలి ఆ గుడ్డను లాగుకొనిపోయినది. అయినను మంట వ్యాపింపలేదు. తిరిగి లోపలికి వచ్చుట పోవుటకంటె కష్టమైనదట. లోపలినుండి త్రాడు పట్టుకొని అంగుళ మంగుళముగా వదలుచు లాగుచు నిలిచినవాడు నావిగేటర్. సాహస పతకములలో కెల్ల మిన్నయైన విక్టోరియా క్రాసు కథలలో త్రాటి రెండవ కొసను ఎవరు పట్టుకొనిరని మనము అడుగుట యరుదు.

ఆ రాత్రికి మూడు పతకములు వచ్చినవి. మంట ఆర్పిన సార్జెంటునకు విక్టోరియా క్రాసు. విమానమును క్షేమముగా దించిన పైలట్ విడోసన్ అధికారి గనుక సిలువ. గన్నర్ బాక్స్ సార్జెంటు గనుక బిళ్ల. ఆ మూడింటిలో విక్టోరియా క్రాసు ఒక్కటే ఈ తరగతుల భేదమును ఎఱుగదు. దాని ముందర అందఱును సమానులే. చర్చిల్ ప్రధాని వార్డును పిలిపించి మాటాడబోగా, ఆ కుఱ్ఱవాడు నోట మాట రాక నిలుచుండెననియు, నా యెదుట నీకు సంకోచముగ నున్నదా, నీ యెదుట నాకెంత సంకోచముగ నున్నదో ఊహించుకొనుమని చర్చిల్ అనెననియు చెప్పుకొందురు. రెండు నెలలు తిరిగి కొలది దినములకే, సెప్టెంబరు 15వ తేదీన, హాంబర్గుపై వార్డ్ విమానము కూలెను. విక్టోరియా క్రాసు పొందినవానిని దాడులనుండి తప్పింపవలెనన్న తలంపు అప్పటికి ఎవరికిని కలుగలేదు కాబోలు.

అంతకు పూర్వము, 1940 సెప్టెంబరులో, ఆంట్‌వెర్ప్ రేవుపై హాంప్‌డెన్ విమానములో మంటల నడుమ నిలిచి, ఆర్పు సాధనములు అయిపోగా లాగ్ పుస్తకముతోను, పిమ్మట వట్టి చేతులతోను మంటను కొట్టి ఆర్పిన జాన్ హానా అను వైర్‌లెస్ ఆపరేటరు వయస్సు 18 సంవత్సరములు. అతనికిని విక్టోరియా క్రాసు వచ్చినది. ఆ కాలిన దేహమునకు క్షయ సోకి, ఉద్యోగము పోయి, టాక్సీ నడుపుకొని, 25 ఏండ్లకే 1947లో అతడు కన్నుమూసెను. పతకము మనుష్యుని గౌరవించును గాని పోషింపదు.

కాని నేను చెప్పదలచిన విషయమునకు అన్నింటికంటె సన్నిహితమైనది ఆండ్రూ మైనార్‌స్కీ కథ. పోలండునుండి కెనడాకు వలసవచ్చిన కుటుంబమువాడు, విన్నిపెగ్ నగరమువాడు, కెనడా వారి 419వ స్క్వాడ్రనులో నడినెత్తి గన్నరు. 1944 జూన్ 12వ తేదీ రాత్రి, ఫ్రాన్సులోని కాంబ్రే రైలు కూడలిపై దాడికి పోవుచున్న వారి లాంకాస్టరును రాత్రి వేటవిమానము కాల్చినది. ఎడమవైపు ఇంజిన్లు రెండును చచ్చినవి. విమానపు నడుమనుండి తోక వఱకు మంట లేచినది. దుముకుడని పైలట్ ఆజ్ఞ యిచ్చెను. మైనార్‌స్కీ తన గూటినుండి దిగి తలుపు దగ్గఱకు వచ్చెను. ఒక్క అడుగు వేసినచో బయట గాలి, పారాచూటు, బ్రతుకు. అప్పుడు తోకవైపు చూచెను. అక్కడ తోక గన్నరు పాట్ బ్రోఫీ గూటిలో చిక్కుకొని ఉన్నాడు. ఇంజిన్లు పోవుటచే గూడు బిగుసుకొనిపోయినది. చేతితో త్రిప్పెడి పిడి విఱిగి చేతిలోనికి వచ్చినది.

మైనార్‌స్కీ తలుపును విడిచి, కాలుచున్న నూనెలో మోకాళ్లమీద ప్రాకుచు తోక చేరెను. గొడ్డలితో కొట్టెను, గూడు కదలలేదు. గొడ్డలి పాఱవైచి చేతులతో లాగెను, కదలలేదు. అప్పటికి అతని దుస్తులు నడుము దాక అంటుకొనినవి. బ్రోఫీ లోపలినుండి చేయి యూపి, పొమ్ము, నీవైన పొమ్మని కేకవేసెను. మైనార్‌స్కీ వెనుదిరుగలేదు. బ్రోఫీ వైపునకే మొగము పెట్టి, వెనుకకు వెనుకకు ప్రాకుచు తలుపు చేరి, అక్కడ నిటారుగా నిలువబడి, మండుచున్న దుస్తులతోనే బ్రోఫీకి సెల్యూటు చేసి, పెదవులు కదలించెను. ఆ రొదలో మాట వినబడలేదు. కాని బ్రోఫీకి తెలియును. ప్రతిరాత్రి విడిపోవునప్పుడు తనకంటె పై హోదాలో నున్న ఈ స్నేహితునకు మైనార్‌స్కీ ఎగతాళిగా చెప్పుచుండిన శుభరాత్రి వాక్యమే అది. పిదప దుమికెను. నిప్పు చుట్టుకొన్న పారాచూటుతో అతడు దిగుటను క్రిందనున్న ఫ్రెంచివారు చూచిరి, పరుగునపోయి ఎత్తుకొనిరి, కాని కాలిన గాయములతో అతడు మరణించెను.

ఇక్కడ విధి ఒక విచిత్రము చేసినది. పైలట్ లేని ఆ విమానము, బాంబుల బరువుతోనే, ఏటవాలుగా జాఱి నేలను తాకి, ఒక చెట్టును కొట్టుకొని తిరుగగా తోక తెగి దూరముగా పడినది. ఎవ్వరును తెఱవలేని ఆ గూటిని ఆ దెబ్బ తెఱచినది. బ్రోఫీ దాదాపు గాయములేవియు లేకయే బయట పడెను. కొన్ని వారములు ఫ్రెంచి దేశభక్తుల యిండ్లలో దాగి, సెప్టెంబరులో ఇంగ్లండు చేరి, జరిగినది చెప్పెను. అంతవఱకు మైనార్‌స్కీ అందఱివలె దుమికి, అందఱివలె కాక, మరణించినవాడు మాత్రమే. బ్రోఫీ చెప్పిన పిమ్మట విచారణ సాగి, 1946 అక్టోబరులో అతనికి విక్టోరియా క్రాసు ప్రకటింపబడెను.

శ్రోతలు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆ చెట్టు అక్కడ లేకున్నచో? గూడు తెగిపడకున్నచో? మైనార్‌స్కీ చేసినది అక్షరము తేడా లేకుండ అదియే. అయినను దానిని ఎఱిగినవాడు భూమిమీద ఒక్కడును ఉండడు. ఉత్తర సముద్రపు నీటిలోను, జర్మనీలోని రూర్ లోయ మసిలోను కూలిన వేలాది విమానములలో ఎన్నింట ఎవడో ఒకడు తలుపు దగ్గఱనుండి వెనుదిరిగి పోయియుండడు? మనము పతకములు ఇచ్చినది సాహసములన్నింటిలో సాక్షి మిగిలిన వానికి మాత్రమే. ఇది ఎవరి దోషమును కాదు. విచారణ లేకుండ పతకమిచ్చినచో దానికి విలువ ఉండదు. కాని చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. సాక్షి మిగిలినను, చచ్చినవానికి సిలువగాని బిళ్లగాని ఇచ్చుట అప్పటి నిబంధనలకు విరుద్ధము. ప్రాణము పోయినవానికి విక్టోరియా క్రాసు ఇయ్యవచ్చును. లేదా యుద్ధ నివేదికలో పేరు పేర్కొనవచ్చును. ఈ రెండింటికి నడుమ ఏమియు లేదు. ఆకాశమంత యెత్తు సాహసమునకు విక్టోరియా క్రాసు, లేకున్న ఒక పంక్తి. 1979 వఱకు ఈ నిబంధన సవరణకు నోచుకొనలేదు.

1943 మే నెలలో రూర్ ప్రాంతపు ఆనకట్టలపై జరిగిన ప్రసిద్ధమైన దాడిని ఈ దృష్టితో చూడుడు. 19 విమానములలో 133 మంది వెళ్లిరి. 53 మంది మరణించిరి, ముగ్గురు బందీలైరి. తిరిగి వచ్చిన 77 మందిలో 34 మందికి పతకములు లభించినవి. నాయకుడు గై గిబ్సనునకు విక్టోరియా క్రాసు. పోయిన 53 మందికి ఆ రాత్రికై పతకమేదియు లేదు. అందులో జాన్ హాప్‌గుడ్ ఒకడు: మండుచున్న విమానమును జట్టువారు దుముకుటకై కొన్ని క్షణములు పైకెత్తి నిలిపి, తాను కూలిపోయెను. ఇద్దఱు బ్రదికి బయటపడిరి గనుక ఆ సంగతి మనకు తెలిసినది. తెలిసియు నిబంధన అడ్డము వచ్చినది.

హోదాల సంగతి చెప్పుచు నార్మన్ జాక్సనును మఱచుట తగదు. ఫ్లయిట్ ఇంజనీరగు ఈ సార్జెంటు తన విడత దాడులు పూర్తిచేసి, జట్టువారికి ఇంకొకటి మిగిలియున్నందున వారిని విడువనొల్లక, 1944 ఏప్రిల్ 26వ తేదీన స్వచ్ఛందముగా జర్మనీలోని ష్వైన్‌ఫుర్టుపై దాడికి వెళ్లెను. తొలి కుమారుడు పుట్టిన వార్త అప్పుడే అందినది. ఇంజిను అంటుకొనగా సుమారు 20,000 అడుగుల యెత్తున ఆర్పు సాధనమును చొక్కాలో దోపుకొని రెక్కపైకి దిగెను. పారాచూటు లోపలనే విచ్చుకొనగా తోడివారు ఆ త్రాళ్లను పట్టుకొనిరి. మంట అతనిని చుట్టుకొన్నది; జాఱిపడెను; సగము కాలిన పారాచూటుతో నేలకు దిగి, కాలు విఱిగి, బందీయయ్యెను. ఇతని కథయును చెఱనుండి మరలివచ్చిన జట్టువారు చెప్పిన పిదపనే తెలిసినది. 1945లో రాజభవనమున విక్టోరియా క్రాసు అందుకొనుటకు అతనితోపాటు నిలిచినవాడు గ్రూప్ కాప్టెన్ లెనార్డ్ చెషైర్. వంద దాడులు చేసి, ఒక్క రాత్రి సాహసమునకు కాక నాలుగేండ్ల సాహసమునకు ఆ పతకము పొందిన మహనీయుడు. తర్వాతి కాలమున వికలాంగుల కొఱకు అతడు నెలకొల్పిన గృహములు మన దేశమునందును కలవు. ఇతడు నాకంటె ఎక్కువ తెగించినవాడు, ముందు ఇతనికి ఇయ్యుడని చెషైర్ చక్రవర్తిని కోరెనని జాక్సన్ చెప్పెడివాడు. మర్యాదను అనుసరించి పెద్ద హోదావానికే ముందు ఇచ్చిరి.

మొత్తము యుద్ధమున అన్ని విమాన దళములకును కలిపి సిలువలు 20,000కు పైబడియు, బిళ్లలు సుమారు 6,600ను లభించినవి. బాంబరు జట్లలో సార్జెంట్లే ఎక్కువ యని ఎఱిగినవారికి ఈ రెండు సంఖ్యలు చాలును, వ్యాఖ్య అక్కఱలేదు. పతకములకు రెండవ ప్రక్క కూడ ఒకటి కలదు. పది దాడులో, ఇరువది దాడులో చేసి, నరములు తెగినట్లయి, ఇక ఎక్కలేనని చెప్పినవాని కాగితముమీద నైతిక బలము కొఱవడినదని ముద్ర వేసి, రెక్కల చిహ్నము ఊడదీసి పంపివైచిరి. పంతొమ్మిది దాడుల ధైర్యము ఇరువదవ రాత్రి ఖర్చయిపోయినదని అనుకొనుటకు అప్పటి అధికారులకు తీరిక లేదు. ఈ వ్యవస్థలో నాకు క్షమింపరానిదిగ తోచున దిదియే.

బాంబులు పడిన చోటి మాట చెప్పకుండ బాంబరు వారి మాట ముగించుట న్యాయము కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను కొన్ని బాంబులు వేయగా మన తీరమెల్ల మూటముల్లె కట్టుకొని పల్లెలకు పరుగెత్తినది. హాంబర్గున 1943 జూలైలో జరిగినది దానితో పోల్చదగినది కాదు. అగ్నితుపానులో ముప్పదియైదు వేలకు పైబడి జనులు మాడిపోయిరి. డ్రెస్డెనులో 1945 ఫిబ్రవరిలో ఇరువదియైదు వేలు. ఆనకట్టలు తెగినప్పుడు కొట్టుకొనిపోయినవారిలో జర్మనులు బలవంతముగా తెచ్చి పనిచేయించుచుండిన పరదేశపు కూలీలే అనేకులు. యుద్ధానంతరము బ్రిటిషు ప్రభుత్వమునకు ఈ దాడుల ప్రస్తావన ఇబ్బందికరమైనది. ఆజ్ఞలిచ్చినవారు మౌనము వహించిరి. ఆజ్ఞలు నిర్వర్తించినవారు, ఎవరి పాపమునకో తాము సమాధానము చెప్పుకొనవలసినవారివలె, దశాబ్దములపాటు తల వంచుకొని తిరిగిరి. బాంబరు కమాండునకు ప్రత్యేక పతకము ఏదియు ఏర్పఱుపబడలేదు. నగరములను కాల్చుట ధర్మమా యన్న ప్రశ్న సరియైనదే. దానిని తోక గన్నరు నడుగుట సరికాదు.

1993లో సార్జెంట్ల బిళ్ల రద్దయి, అందఱికిని సిలువయే అను ఏర్పాటు వచ్చినది. 2012 జూన్ 28వ తేదీన లండను గ్రీన్ పార్కులో రెండవ ఎలిజబెత్ రాణి ఆవిష్కరించిన స్మారకమున ఏడుగురు కంచు మనుష్యులు దాడి ముగించుకొని వచ్చి నిలుచుండినట్లున్నారు. పైకప్పు లోపలి లోహము బెల్జియమున కూలిన ఒక హాలిఫాక్స్ బాంబరునుండి తీసినది. గోడమీద, ఆ బాంబు దాడులలో మరణించిన అన్ని దేశముల జనులను గూడ స్మరించు వాక్యము చెక్కబడినది. మఱుసటి సంవత్సరము ప్రభుత్వము పాత యుద్ధ నక్షత్ర పతకపు పట్టీమీద కుట్టుకొనుటకు ‘బాంబరు కమాండ్’ అని వ్రాసిన చిన్న లోహపు పట్టికను మంజూరు చేసినది. దానికి సాక్షి అక్కఱలేదు, హోదా అక్కఱలేదు, బాంబరు దళమున పనిచేసి దాడికి వెళ్లినట్లు రికార్డున్నచో చాలును. చనిపోయినవాని తరపున అతని దగ్గఱి బంధువులు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అప్పటికి యుద్ధము ముగిసి 68 సంవత్సరములు. తల్లులు, భార్యలు పోయిరి. ఆ ఫారములు నింపినవారు చాలవఱకు మేనల్లుండ్రును మనుమలును.